దారి మనది, వైరు వాడిది

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక రాత్రి మా పొలానికి రావలసిన నీళ్లు రాలేదు. పల్నాడులో సాగర్ కుడి కాలువ కింద మా పొలం. వంతు ప్రకారం ఆ రాత్రి నీళ్లు మావి. నాన్న, బాబాయి బ్యాటరీ లైటు పట్టుకుని కాలవ వెంబడి వెళ్లి చూస్తే బోదె గట్టుకి గండి కొట్టి ఉంది. నీళ్లన్నీ మా వెనక పొలం ఆయన మిరప తోటలోకి పోతున్నాయి.

తెల్లారాక వసారాలో పంచాయితీ. బాబాయికి అప్పుడు ఇరవై రెండేళ్లు. "ఆయన బోరు మోటారు వైరు కోసేసి వస్తా, అప్పుడు తెలుస్తుంది నీళ్లు లేకపోతే ఎలా ఉంటుందో" అని లేచాడు. తాతయ్య చుట్ట ఆర్పి, "కూర్చోరా" అన్నాడు. "వైరు వాడిది. దాన్ని ముట్టుకుంటే రేపు స్టేషన్లో నువ్వుంటావు, వాడు కాదు. దారి మనది. దారి మూసుకుందాం."

వెనక పొలం ఆయన బండి రోడ్డెక్కాలంటే మా చేను పక్కన గట్టు మీదుగానే రావాలి. దానికి కాగితం ఏమీ లేదు. ప్రతి ఏడూ పంట కాలం మొదట్లో ఆయన వచ్చి "బండి తోలుకుంటాను బాబాయ్" అని తాతయ్యని అడగడం, తాతయ్య సరేననడం, అంతే. ఆ దారి లేకపోతే డొంక చుట్టూ తిరిగి కిలోమీటరున్నర పోవాలి. బాబాయి "అయితే దారి దున్నేద్దాం" అన్నాడు. దానికీ తాతయ్య ఒప్పుకోలేదు. "దున్నితే మళ్లీ దారి కాదు. కంప వెయ్యి. కంప అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు లాగేయొచ్చు."

తుమ్మకంప అడ్డం వేశారు. వారం దాటాక ఆయన మా ఇంటికి వచ్చాడు. ఎరువు బస్తాలు డొంక చుట్టూ తోలి తోలి ఎద్దులు డస్సిపోయాయి. తాతయ్య మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, "ముందు గట్టు వేసి రావయ్యా" అన్నాడు. ఆయన వెళ్లి గట్టు వేశాడు. సాయంత్రం కంప తీయడానికి తాతయ్య నాన్నని పంపలేదు, బాబాయినే పంపాడు.

మా తాతయ్య చేసిన పనికి ఇంగ్లీషులో ఒక పేరు ఉందని నాకు తెలిసేసరికి ఆయన పోయి పదేళ్లయింది.

నేను అనువాదాలు చేసి బతుకుతాను. ఎక్కువగా వార్తలు, అప్పుడప్పుడు కోర్టు కాగితాలు, ప్రభుత్వ పత్రాలు. అలాంటి ఒక పత్రంలో రిటార్షన్ అనే మాట తగిలింది. మొదట టార్షన్ అనుకున్నాను, అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదు. అంతర్జాతీయ న్యాయంలో పాత మాటే. ఒక దేశం ఇంకో దేశానికి నచ్చని పని చేస్తే, ఆ రెండో దేశం చట్టం దాటకుండా, తన హక్కులో ఉన్న పనే చేసి కోపం చూపించడం. వీసాలు ఆపడం, రాయబారిని వెనక్కి పిలవడం, ఇస్తున్న సాయం మానేయడం, ఇచ్చిన వెసులుబాటు తీసేయడం. స్నేహంగా ఉండే పని కాదు, కానీ తప్పు పని కూడా కాదు. దారి మూసుకోవడం.

తెలుగులో ఏం రాయాలో తోచలేదు. నిఘంటువులు తిప్పితే ఎటు పోయినా ప్రతీకారం దగ్గరికే తేలాను. గడువు దగ్గరపడింది, ప్రతీకార చర్య అని రాసి పంపేశాను. పంపాక రెండు రోజులు మనసులో ముల్లులా ఉండిపోయింది. తాతయ్య చేసింది ప్రతీకారమా? బాబాయి చేద్దామన్నది ప్రతీకారం. రెండింటికీ ఒకే మాట వాడితే తాతయ్యకీ బాబాయికీ ఆ పొద్దున జరిగిన వాదనంతా గాలికి పోతుంది.

ఈ మాటల పుట్టుకలు చూస్తే తేడా కళ్లకు కడుతుంది. రిటార్షన్‌కి మూలం లాటిన్‌లో వెనక్కి మెలితిప్పడం అనే అర్థమున్న క్రియ. ఎదుటివాడి మాటను వాడికే తిప్పి అప్పగించే రిటార్ట్ కూడా ఆ కడుపున పుట్టిందే. మనం తిప్పికొట్టడం అంటామే, దాదాపు అదే. అందరికీ తెలిసిన రిటాలియేషన్ వేరే కుటుంబం. దాని లోపల ఉన్న లాటిన్ మాటకి 'అలాంటిది', 'అట్టిది' అని అర్థం. నువ్వు ఎలాంటిది చేశావో అలాంటిదే తిరిగి. తెలుగులో అంతకు అంత. ఇంత దగ్గరగా అతికే జంట దొరకడం అనువాదం చేసేవాళ్లకి అరుదు. మూడోది రిప్రైజల్. దాని మూలం తిరిగి తీసుకోవడం. మధ్యయుగాల యూరప్‌లో ఒక ఊరి వర్తకుడి సరుకుని పరాయి ఊరివాళ్లు దోచుకుని అక్కడి ప్రభువు న్యాయం చేయకపోతే, సొంత రాజు ఆ వర్తకుడికి ఒక అనుమతి పత్రం ఇచ్చేవాడు: ఆ ఊరివాళ్లు ఎవరు కనపడినా నీకు పోయినంత విలువ పట్టుకోవచ్చు అని. దోచినవాడే దొరకనక్కర్లేదు, ఆ ఊరివాడైతే చాలు. అమెరికా రాజ్యాంగంలో, కాంగ్రెస్ అధికారాల జాబితాలో, ఇలాంటి పత్రాలు ఇచ్చే అధికారం ఇప్పటికీ అచ్చై ఉంది.

మన ప్రతీకారం సంగతి ఇంకా ఆశ్చర్యం. సంస్కృతంలో అది పగ ఒక్కటే కాదు. ప్రతి, కారం: ఎదురుగా చేసేది, విరుగుడు. రోగానికి చేసే చికిత్సని కూడా ప్రతీకారం అనేవారు. మనం వాడి వాడి మందు అనే అర్థాన్ని చంపేసి కత్తి అనే అర్థాన్ని మిగుల్చుకున్నాం. ఇవాళ తెలుగులో ప్రతీకారం అనగానే వేటకొడవలి, సుమోలు, రగిలే కళ్లు. అందుకే ఆ మాటని దేశాల మధ్య వ్యవహారానికి తగిలించేటప్పుడు నాకు చెయ్యి వణుకుతుంది.

అంతకు అంత అనేది మొదట్లో పగని పెంచడానికి పుట్టిన సూత్రం కాదు. పగకి గట్టు వేయడానికి పుట్టింది. సుమారు 3,700 ఏళ్ల కిందటి బాబిలోనియా రాజు హమ్మురాబి శాసనం పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో నల్లరాతి స్తంభం మీద ఉంది. కంటికి కన్ను అంటే ఒక్క కన్నే, అంతకు మించి లేదు. కానీ ఆ శాసనం కింది వాక్యాలు ఎవరూ గుర్తుచేయరు. పెద్దమనిషి కన్ను పొడిస్తేనే పొడిచినవాడి కన్ను పోతుంది. సామాన్యుడి కన్ను పొడిస్తే ఒక మీనా (ఆ కాలపు తూకం) వెండి కడితే చాలు. బానిసదైతే వాడి ఖరీదులో సగం. అంతకు అంత అనేది సమానుల మధ్యే చెల్లింది. ఈ సంగతి దగ్గరికి మళ్లీ వస్తాను, నన్ను బాగా ఇబ్బంది పెట్టిన సంగతి అది.

మనం కూడా ఆ లెక్క తప్పకుండా పాటించేది ఒకచోట ఉంది: చదివింపుల పుస్తకం. మా అమ్మ దగ్గర ఇప్పటికీ నా పెళ్లి నాటి నోటుబుక్కు ఉంది, అట్ట మీద పసుపు బొట్టు. ఎవరింట్లో పెళ్లయినా అది తీసి, వాళ్లు మనకి 516 చదివించారా, 1,116 చదివించారా అని చూసి కవరులో పెడుతుంది. మంచికి ఇంత నిక్కచ్చిగా అంతకు అంత తీర్చే మనం చెడుకి వచ్చేసరికి లెక్క ఎందుకు మర్చిపోతాం?

లెక్క మర్చిపోతే ఏమవుతుందో చెప్పే కథల్లో నన్ను వదలనిది నౌలీలా. 1914 అక్టోబర్. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది కానీ పోర్చుగల్ ఇంకా తటస్థం. ఇప్పటి నమీబియా అప్పుడు జర్మనీది, దాని పైనున్న అంగోలా పోర్చుగల్‌ది. జర్మన్ అధికారుల బృందం ఒకటి మాట్లాడుకుందామని సరిహద్దు దాటి నౌలీలా అనే పోర్చుగీసు ఠాణాకి వచ్చింది. వీళ్లకి పోర్చుగీసు రాదు, వాళ్లకి జర్మన్ రాదు. మధ్యలో ఉన్న దుబాసీకి రెండు భాషలూ సరిగా రావు. ఒకరు అన్నది ఇంకొకరికి ఇంకోలా అందింది. అనుమానం పెరిగింది, తుపాకులు లేచాయి, ముగ్గురు జర్మన్లు చనిపోయారు. తప్పుడు అనువాదం ముగ్గురి ప్రాణాల మీదికి వచ్చింది. ఈ కథ చదివిన రోజు నేను పని చేయలేకపోయాను.

జర్మన్ వలస ప్రభుత్వం పోర్చుగల్‌ని సంజాయిషీ అడగలేదు, పరిహారం అడగలేదు. సైన్యాన్ని పంపి సరిహద్దు వెంట ఉన్న కోటల మీద, ఠాణాల మీద వరసగా దాడి చేయించింది. డిసెంబర్‌లో నౌలీలానీ పడగొట్టారు. యుద్ధం అయ్యాక ఈ తగువు మధ్యవర్తుల ముందుకి వెళ్లింది. 1928లో వాళ్లిచ్చిన తీర్పుని న్యాయ విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. దెబ్బకి దెబ్బ తీయాలంటే మొదట అవతలివాడు నిజంగా చట్టం మీరి ఉండాలి. ఇక్కడ జరిగింది పొరపాటు. తర్వాత, ముందుగా అడగాలి, అడిగినా వాళ్లు దిద్దుకోకపోతేనే చెయ్యెత్తాలి. ఇక్కడ అడగనే లేదు. చివరికి, దెబ్బ ఎంతో బదులు కూడా దాని దరిదాపుల్లోనే ఉండాలి. ముగ్గురి చావుకి అన్ని కోటలా? జర్మనీ వాదన వీగిపోయింది.

చట్టం లోపల ఉండే రిటార్షన్‌కి ఇన్ని షరతులు అక్కర్లేదు. దారి నీదైతే మూసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. షరతులన్నీ ఎదుటివాడి వైరు ముట్టుకునేవాళ్లకి. ఇప్పటి న్యాయశాస్త్రం వాటిని ఎదురు చర్యలు అంటుంది. 2001లో ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘం తయారుచేసిన నియమాల్లో, అలాంటి చర్య వీలైనంతవరకు వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలని రాసుంది. అది చదివినప్పుడు నాకు తుమ్మకంప గుర్తొచ్చింది. దున్నితే మళ్లీ దారి కాదు అన్న మనిషి అయిదో తరగతి దాటలేదు.

ఏ షరతూ లేని చోట ప్రతీకారం ఎంత దూరం పోతుందో ఒక్క ఉదాహరణ చాలు. 1944 మార్చి 23న, నాజీల ఆక్రమణలో ఉన్న రోమ్‌లో జర్మన్ పోలీసు దళం మీద బాంబు పేలింది, 33 మంది పోయారు. ఒక్కొక్కరికి పదిమంది చొప్పున చంపమని హుకుం. మర్నాడు ఊరి బయట ఆర్దియాటీన్ గుహల్లో 335 మందిని కాల్చేశారు. పది చొప్పున లెక్కేసినా అయిదుగురు ఎక్కువ. బాంబుతో ఏ సంబంధమూ లేనివాళ్లు. పౌరుల మీద ఇలాంటి ప్రతీకారం కూడదని 1949 జెనీవా ఒప్పందాల్లో రాసుకున్నారు. ప్రతీకారం అనే మాటని నేను ఇలాంటివాటి కోసం దాచి ఉంచుకోవాలంటాను. దానికి ఆ బరువు ఉండాలి.

మరి మనం దాన్ని దేనికి వాడుతున్నాం? 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ దేశదేశాల సరుకుల మీద సుంకాలు ప్రకటించారు. మన మీద 26 శాతం. వాళ్లు పెట్టిన పేరులోని ఇంగ్లీషు మాటకి అర్థం పరస్పరం అని. తెలుగులో మాత్రం చాలాచోట్ల ప్రతీకార సుంకాలు అని వచ్చింది, ఆ పేరే స్థిరపడిపోయింది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుకి ఆ వారమే కౌంటు ధర, అంటే రొయ్య సైజుని బట్టి కట్టే ధర, తగ్గించి చెప్పారు. మన రొయ్యకి అప్పటికి అమెరికాయే అతి పెద్ద మార్కెట్ మరి. గట్టు మీద నిలబడి ఏరేటర్ల చప్పుడులో ఫోన్లో ఆ వార్త చదివే రైతు ఏమనుకోవాలి? ప్రతీకారం అంటే ముందు మనం ఏదో చేశామన్నమాట. మనం ఏం చేశాం? ఎదుటివాళ్లు మొదలుపెట్టిన పనికి మనమే కారణమని ఒప్పుకున్నట్టు రాశాం. ఒక్క విశేషణంతో. పరస్పర సుంకాలు అని రాసినా వాళ్ల వాదనని మోసినట్టే అవుతుందనే వాళ్లున్నారు. అవుతుంది. కానీ అది వాళ్లు పెట్టిన పేరని పాఠకుడికి కనీసం తెలుస్తుంది.

ఇంకో సందర్భం. 2021 సెప్టెంబర్, చదువుల కోసం పిల్లలు బ్రిటన్ వెళ్లే కాలం. మా అక్క కొడుకు కూడా వెళ్లాలి. కోవిషీల్డ్ రెండు డోసులు వేసుకున్నా, మన దగ్గర వేసుకున్నవాళ్లని టీకా వేసుకోనివాళ్ల కిందే లెక్కగట్టి పది రోజులు గదిలో ఉండమన్నారు. అక్క టెన్షన్‌తో రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసేది. అక్టోబర్ 4 నుంచి మన ప్రభుత్వం కూడా బ్రిటన్ నుంచి వచ్చే వాళ్ల పౌరులకి, టీకా వేసుకున్నా సరే, పది రోజుల క్వారంటైన్ పెట్టింది. వారం తిరక్కుండానే బ్రిటన్ మెట్టు దిగింది, 11 నుంచి మనవాళ్లకి ఆ షరతు పోయింది. వెంటనే మనమూ తీసేశాం. కంప వేశారు, గట్టు కట్టించారు, కంప తీశారు. ఇంత శుభ్రంగా జరిగిన పనిని ప్రతీకారం అని పిలిస్తే, ఆ పనిలోని నేర్పు ఎవరికి కనపడుతుంది?

అన్నీ ఇంత తేలిగ్గా తేలవని ఒప్పుకుంటాను. 2013 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో మన డిప్యూటీ కాన్సుల్ జనరల్‌ని అరెస్టు చేసి బట్టలు విప్పించి సోదా చేసినప్పుడు, ఢిల్లీలో అమెరికా ఎంబసీ ముందున్న కాంక్రీటు అడ్డుగోడలు తీసేశారు. వాళ్ల అధికారుల విమానాశ్రయ పాసులు, గుర్తింపు కార్డులు తిరిగి ఇవ్వమన్నారు. పాసులు మనం మర్యాదకి ఇచ్చినవి, అది అచ్చమైన రిటార్షన్. కానీ ఎంబసీకి రక్షణ కల్పించడం 1961 వియన్నా ఒప్పందం ప్రకారం ఆతిథ్య దేశం బాధ్యత. రోడ్డు మనదే, భద్రత తగ్గించలేదనే మన ప్రభుత్వం చెప్పింది. అయినా గోడ తీయడం దారి మూయడం కిందికి వస్తుందో, వైరు దగ్గరికి చెయ్యి పోయిందో అని నాకు ఇప్పటికీ సందేహమే. సందేహపడటానికైనా రెండు మాటలు ఉండాలి కదా. ఒక్కటే మాట ఉంటే సందేహం కూడా రాదు.

2025 ఏప్రిల్‌లో పహల్గాం ఉగ్రదాడి తర్వాత దాదాపు రెండు వారాల్లో మన దేశం పాకిస్తాన్ విషయంలో చేసిన పనులు చూడండి. వీసాలు రద్దు చేసింది, అట్టారీ సరిహద్దు మూసింది. సింధు జలాల ఒప్పందాన్ని నిలిపి ఉంచింది. మే 7న క్షిపణులు పంపింది. మొదటిది ఏ దేశానికైనా ఉండే హక్కు. రెండోది రాసుకున్న ఒప్పందానికి సంబంధించింది, దాని మీద వాదోపవాదాలున్నాయి. మూడోది బలప్రయోగం. మూడింటిలో ఏది సరైనదన్న చర్చ ఇక్కడ నాది కాదు. కానీ మూడింటి పైనా ఒకటే శీర్షిక పెట్టి ప్రతీకారం అన్నప్పుడు, ఏ మెట్టు మీద ఉన్నామో చదివేవాడికి తెలియకుండా పోయింది. మెట్లు తెలియకపోతే దిగడం కష్టం.

ఇప్పుడు ఇందాక ఆపిన సంగతి. నేను ఇలా రిటార్షన్‌ని మెచ్చుకుంటూ ఒక సాయంత్రం మాట్లాడుతుంటే, లా చదివిన స్నేహితురాలు ఒకామె అడిగింది: "మూయడానికి దారి లేనివాడి సంగతేంటి? దారి, బోరు, పొలం అన్నీ అవతలివాడివే అయితే?" నా దగ్గర జవాబు లేకపోయింది. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులని ఊచకోత కోయడానికి ముందు ఆ ఊళ్లో జరిగింది సాంఘిక బహిష్కరణ. పొలం మాది, పనికి పిలవం. కొట్టు మాది, సరుకు అమ్మం. విడివిడిగా చూస్తే ఎవడి హక్కులో వాడున్నాడు. అందరూ కలిసి చేస్తే ఒక పేట కడుపు మాడుతుంది. చట్టం దీన్ని గుర్తించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ నేరమైంది. దారి విషయంలో కూడా 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఉంది: ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా హక్కుగా నడిచిన దారిని సొంతదారు మూయలేడు. మా వెనక పొలం ఆయన ఏటేటా అడిగి నడిచాడు కాబట్టి తాతయ్య మూయగలిగాడు. అడగకుండా నడిచి ఉంటే కథ వేరు.

ఆమె అన్నాక నా ఆలోచన మారింది. రిటార్షన్ రాజ్యాల మధ్య పుట్టిన మాట. కాగితం మీదైనా రాజ్యాలన్నీ సమానం. తాతయ్య, వెనక పొలం ఆయన కూడా ఒకే కులం, నాలుగెకరాల చొప్పున రైతులు. హమ్మురాబి రాతి మీదిలాగే, సమానులు కానిచోట అదే పని పేరు మార్చుకుంటుంది. దాన్ని వెలి అనాలి. మనకి ఆ మాట ముందే ఉంది, దాన్ని మెత్తబరచకూడదు. కాబట్టి నాకు కావలసిన కొత్త మాట రెండు వైపులా మూయడానికి ఒక్కో దారి ఉన్నచోట మాత్రమే పనికొచ్చేది.

ఏ మాట పెట్టాలి? ప్రతిచర్య సైన్సు పుస్తకానికి వెళ్లిపోయింది. చెల్లుకు చెల్లు బాగుంది కానీ అది లెక్క తీరిపోయాక అనే మాట, ఇక్కడ లెక్క ఇంకా తెరిచే ఉంది. వెసులుబాటు రద్దు అని రెండుసార్లు వార్తల్లో రాసి చూశాను. అర్థం సరిపోతుంది, వేడి చాలదు. సుంకాలకి సుంకాలు వేస్తే ఎదురు సుంకాలు అంటే చాలు, అక్కడ ప్రతీకారం అక్కర్లేదు. 2019లో అమెరికా బాదం, ఆపిల్, వాల్‌నట్ల మీద మనం వేసినవి అవే, 2023లో తీసేశాం కూడా.

ఆమధ్య ఊరికి ఫోన్ చేసి బాబాయిని అడిగాను. అప్పుడు మనం చేసినదాన్ని మన ఊళ్లో ఏమంటారు బాబాయ్ అని. "ఏముందిరా, దారి కట్టేశాం" అన్నాడు. దారి కట్టడం. ఎంత చిన్న మాట. కట్టినదాన్ని విప్పొచ్చని కూడా అందులోనే ఉంది. పగ తీర్చుకున్నట్టు కాదా అని మళ్లీ అడిగాను. ఆయనకి కొంచెం కోపం వచ్చింది.

"పగేంటి? ఆ ఏడు వాళ్లమ్మాయి పెళ్లికి సామాను తోలింది మన బండే. తోలింది నేనే. మీ అమ్మనడుగు, ఎంత చదివించామో పుస్తకంలో ఉంటుంది."